రెండవ దినపు ఖర్చు
(శతాబ్ది ఉత్సవముల ప్రాంతీయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంఘమువారు మాకిచ్చిన అంశము "వైద్య పరిచర్య – నేటి అవసరములు". ఈ అంశము ఎవరికిచ్చినను గుంటూరు కుగ్లరమ్మగారితో మొదలుపెట్టుట మన అలవాటు. ఆ తల్లి 1883లో మన దేశమునకు వచ్చి, పదిహేను సంవత్సరములు శ్రమపడి 1898లో ఆస్పత్రి తెరచిన సంగతి మనము ఎన్నోసార్లు వినియున్నాము. వెల్లూరు ఐడా స్కడ్డరమ్మగారి సంగతియు అట్లే. వారినిగూర్చి మాకంటె బాగుగ చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. మేము ఆస్పత్రి గుమ్మము చేరకముందు జరుగు సంగతి మాట్లాడెదము. రోడ్డుమీద, ఇంటి అరుగుమీద, పొలము గట్టుమీద మనిషి పడిపోయిన తరువాత మొదటి గంటలో ఏమి జరుగునో, దానికి డబ్బు ఎవరు పెట్టవలెనో, ఎందుకు పెట్టుటలేదో అదే మా మాట.

ముందుగా ఒక రాత్రి సంగతి చెప్పవలసియున్నది. కొంత కాలము క్రిందట మే నెలలో, రాత్రి పదకొండున్నర వేళ, మా సంఘ పెద్ద ఒకాయనకు ఎడమ భుజము లాగుచున్నదని, ఒళ్లంతా చెమటలని ఇంటివారు లేచినారు. ఆయన ముప్పైయేండ్లు మా గుడిలో గంట కొట్టినవాడు. పెద్ద కుమారుడు వెంటనే 108కు ఫోను చేసినాడు. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడినది. ఊరు, సందు, గుర్తు అన్నియు అడిగినది. తరువాత, "దగ్గరలో ఉన్న బండి వర్క్‌షాపులో ఉంది సార్, పక్క మండలం నుంచి పంపిస్తున్నాం" అన్నది. ఆ పక్క మండలపు బండి అప్పటికే ఒక కాన్పు కేసును తీసికొని పోవుచున్నదట.

కుమారుడు పరుగున మా ఇంటికి వచ్చినాడు. "అయ్యగారూ, మన వ్యానుకు ట్రాక్టరు బ్యాటరీ పెడితే కదులుతుందా?" అని అడిగినాడు.

మన వ్యాను అనగా మా పాస్టరేటు అంబులెన్సు. విదేశములోని స్నేహితులు పంపిన కానుకతోను, మన సంఘస్థుల పంట కానుకతోను మాకు ముందున్న అయ్యగారి కాలములో కొన్నది. ప్రతిష్ఠ దినమున రిబ్బను కత్తిరించి, ప్రార్థన చేసి, అందరును ఫోటో దిగినారు. ఆ ఫోటో ఇప్పటికిని మా గుడి గోడమీద ఉన్నది. వ్యాను మూడు సంవత్సరములు తిరిగినది. తరువాత డ్రైవరు జీతమునకు డబ్బు లేదు. ఇన్సూరెన్సు కట్టలేదు. రెండు టైర్లు తీసి ఎవరికో ఎరువిచ్చినారు. ఆ రాత్రి అది గురువు గృహము ప్రక్కన ఇటుకలమీద నిలబడియున్నది. దానిలో కోడి పొదిగియున్నది. మరణించుచున్నవాని కుమారునికి మేము, "బాబూ, దానికి చక్రాలు లేవు" అని చెప్పవలసివచ్చినది.

గంట పది నిమిషములకు 108 వచ్చినది. ఏరియా ఆస్పత్రికి ఇంక ఆరు కిలోమీటర్లుండగా ఆయన ప్రభువునందు నిద్రించినారు. బండిలోని టెక్నీషియను ఇరువదియైదేండ్ల కుర్రవాడు, దారి పొడుగునను ఛాతీ అదుముచునే ఉన్నాడు. తెల్లవారుజామున ఆస్పత్రి ఎదుట టీ ఇప్పించినప్పుడు గ్లాసు పట్టుకొనలేక అతని చేతులు వణకినవి. రెండు నెలల జీతము రావలసియున్నదని అప్పుడే చెప్పినాడు. మేము అడుగలేదు.

మన మండలపు బండి వర్క్‌షాపులో ఎందుకున్నదని తరువాత విచారించితిమి. బ్రేకులు చేయించవలసి పంపినారట. పాత బిల్లు చెల్లించువరకు బండి వదలనని మెకానిక్కు అన్నాడట. మెకానిక్కు మాట తప్పని మేము అనలేము, అతనికిని పిల్లలున్నారు. బండి నడుపు కంపెనీవారిని అడిగితే, శాఖనుండి మాకు రావలసినది రాలేదన్నారు. శాఖలో అడిగితే, బిల్లు పైకి పంపినాము, ట్రెజరీలో ఉన్నదన్నారు. ట్రెజరీవారిని అడుగుటకు మాకు దారి తెలియలేదు. ఇందులో ఒక్కరైనను ఆయనను చంపవలెనని అనుకొనలేదు. అందరును కాగితములు సక్రమముగనే పెట్టియున్నారు.

ఇప్పుడు 108నుగూర్చి న్యాయముగ మాట్లాడెదము. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. సత్యం కంప్యూటర్స్ అధిపతి స్థాపించిన సంస్థ ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని దీనిని నడిపినది. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల మోసము బయటపడినప్పుడు ఈ సేవ ఏమగునోయని అందరమును భయపడితిమి. నిర్వహణ వేరొక సంస్థ చేతికి పోయినది గాని సేవ ఆగలేదు. ఈ నమూనా చూచి దేశములోని అనేక రాష్ట్రములు తమ ప్రజలకు ఇట్టి బండ్లను పెట్టుకొన్నవి. మన తెలుగు నేలమీద పుట్టిన మంచి పనులలో ఇదొకటి. దీనిని తూలనాడుటకు మేమిక్కడ నిలువలేదు.

మనవంటి సంఘములకు దీని విలువ మరియెక్కువ. ఇక్కడ కూర్చున్న పెద్దలు జ్ఞాపకము చేసికొనవలెను. 2005కు ముందు మన పాలెములలో రాత్రివేళ పాము కరచినను, కాన్పు అడ్డము తిరిగినను ఎక్కడికి పోయెడివారము? కామందు ఇంటికి పోయి, వాకిట చేతులు కట్టుకొని నిలబడి, జీపో ట్రాక్టరో అడిగెడివారము. ఆయన మంచివాడైతే ఇచ్చును. ఇచ్చిన తరువాత ఆ మేలు తీర్చుటకు ఎన్ని దినములు ఆయన పొలములో కూలి అడుగకుండ పని చేయవలెనో లెక్కలేదు. కొందరి అప్పు ఆ రాత్రి ప్రయాణముతోనే ప్రారంభమైనది. 108 వచ్చిన తరువాత మన తల్లి, మన చెల్లి ఎవరి వాకిటను నిలబడకుండ ఫోను చేసి బండిని పిలిచినారు. కులమేమిటని, డబ్బున్నదాయని ఆ బండి అడుగలేదు. అది దయగా వచ్చినది కాదు, హక్కుగా వచ్చినది. కావున ఆ బండి వర్క్‌షాపులో పడియున్న ప్రతి రాత్రియు మనలను మరల కామందు వాకిటికి పంపుచున్నదని మేము చెప్పుచున్నాము. నేడు కామందు స్థానములో ఆస్పత్రి ఎదుట నిలుచు ప్రైవేటు అంబులెన్సు ఉన్నది. దాని కిరాయికి తాళిబొట్టు తాకట్టు పెట్టిన ఇల్లు మా పాస్టరేటులోనే ఉన్నది.

డబ్బు లేదా? కొనుటకు ఎప్పుడును డబ్బున్నది. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిలు వద్ద 108, 104 బండ్లు కలిపి వెయ్యికి పైగా బారులు తీర్చి జెండా ఊపినారు. 2023 ఆగస్టు 1న హైదరాబాదులో 466 వాహనములకు అట్లే జెండా ఊపినారు. చూచుటకు కన్నుల పండుగగనే ఉండెను. మేమును టీవీలో చూచి సంతోషించితిమి. ఏ పార్టీ ప్రభుత్వమైనను ఇందులో తేడా లేదు గనుక ఎవరును మామీద రాజకీయము అంటగట్టనవసరము లేదు. అయితే జెండా ఊపిన మరునాటినుండి ఖర్చు మొదలగును. డీజిలు, టైర్లు, బ్రేకులు, ఆక్సిజను సిలిండరు, పగలు ఒకరు రాత్రి ఒకరుగ పైలటు, టెక్నీషియను జీతములు. (డ్రైవరును వారు పైలటు అందురు. ఆ పేరు మాకిష్టము. పేరుకు తగిన జీతము మాత్రము రాదు.) ఈ ఖర్చుకు రిబ్బను లేదు, ఫోటో లేదు. కాబట్టి బడ్జెటులో మొదట నలిగిపోవునదియు, నెలాఖరున ఆలస్యమగునదియు ఇదే. రాష్ట్రములో ఈ సిబ్బంది జీతముల కొరకు సమ్మె నోటీసులిచ్చిన సంగతి మనము పత్రికలలో ఒక్కసారి కాదు, అనేకసారులు చదివియున్నాము.

కేంద్రము సహాయము చేసిన తీరు చూడుడి. జాతీయ ఆరోగ్య మిషను క్రింద 108 నిర్వహణ ఖర్చుకు మొదటి సంవత్సరము 60 శాతము, రెండవ సంవత్సరము 40 శాతము, మూడవ సంవత్సరమునుండి 20 శాతము అని పద్ధతి పెట్టినారు. రాష్ట్రము తన కాళ్లమీద తాను నిలువవలెనని వారి ఉద్దేశ్యము కావచ్చును. కాని బండి సంగతి తెలిసిన వారెవరినైనను అడుగుడి. మొదటి సంవత్సరము బండి ఖర్చు పెట్టించదు. మూడవ సంవత్సరముననే పెట్టించును. బండి పాతబడినకొలది ఖర్చు పెరుగుచుండగా సహాయము తరుగుచున్నది. బిడ్డకు పాలు మాన్పించునట్లు మాన్పించినారు గాని, బండి బిడ్డవలె పెరుగదు, ముసలిదగును.

లక్ష జనమునకు ఒక సాధారణ అంబులెన్సు, అయిదు లక్షలకు ఒక ఆధునిక సదుపాయముల అంబులెన్సు ఉండవలెనన్నది ఆ మిషను లెక్క. కాగితముమీద లెక్క కుదిరినను, లక్షకు ఒకటియున్న బండి షెడ్డులో ఉన్న దినమున ఆ లక్షమందికి ఏమియు లేనట్టే. బండి లెక్కవలెనే మనిషి లెక్కయును. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన అత్యవసర వైద్య పరిశీలనలో, చూచిన ఆస్పత్రులలో 91 శాతమునకు స్వంత అంబులెన్సులున్నవి. వాటిలో సేవచేయుటకు శిక్షణపొందినవారు 34 శాతము ఆస్పత్రులలోనే ఉన్నారు. బండి కొనుటకు ఒక దినము చాలును. మనిషికి శిక్షణనిచ్చి, నెలనెల జీతమిచ్చి నిలుపుకొనుట ప్రతి దినపు పని.

మొత్తము ఆరోగ్యముమీదనే మన ప్రభుత్వములు పెట్టునది తక్కువ. 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతము ఖర్చు చేయుదుమని 2017 జాతీయ ఆరోగ్య విధానములో వ్రాసికొన్నారు. 2021-22లో, అదియు కోవిడ్ సంవత్సరములో, కేంద్రము రాష్ట్రములు కలిపి పెట్టినది 1.84 శాతము. ఆ కొద్దిలో ఎక్కువ భాగము ఆస్పత్రి గోడల లోపలికే పోవును. రోడ్డుమీది గంటకు చివరి మెతుకులు. ప్రమాదమునకు గురియైనవారిని మొదటి గంటలో ఆస్పత్రిలో చేర్చగలిగినయెడల మరణములలో కనీసము సగము తప్పించవచ్చునని లా కమిషను 2006లో చెప్పియున్నది. 2022లో మన దేశపు రోడ్లమీద మరణించినవారు 1,68,491 మంది. అందులో సగమెంతయో ఇంటికి పోయి లెక్కవేసికొనుడి.

ఇటీవల ఒక మంచి జరిగినదని కూడ చెప్పవలెను. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు దినములు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండ చికిత్స చేయు పథకమును కేంద్రము 2025 మే నెలలో ప్రకటించినది. అదియు సుప్రీంకోర్టు గద్దించిన తరువాతనే. కోర్టు మాట వచ్చినది గనుక ఒకని కథ చెప్పెదము. మన యువజనులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

1992 జూలైలో బెంగాలులో హకీం షేక్ అను ఒక కూలివాడు మథురాపూరు స్టేషనువద్ద రైలునుండి పడి తలకు దెబ్బ తగిలించుకొన్నాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో సదుపాయము లేదని పెద్ద ఆస్పత్రికి పంపినారు. ఆ రాత్రి కలకత్తాలో ఒక సర్కారు ఆస్పత్రి తరువాత మరియొక సర్కారు ఆస్పత్రి తిప్పినారు. ఒకచోట మంచము లేదు, ఒకచోట పరికరము లేదు. తుదకు ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చి దాదాపు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకొన్నాడు. అతడు బ్రతికినాడు. బ్రతికి, తన కూలీల సంఘముతో కలిసి కోర్టుకు పోయినాడు. 1996 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: అత్యవసర చికిత్స సకాలములో అందించకపోవుట రాజ్యాంగము 21వ అధికరణమిచ్చిన జీవించు హక్కును భంగపరచుటయే, డబ్బు లేదని ప్రభుత్వము ఈ బాధ్యతను తప్పించుకొనరాదు. అతనికి 25,000 రూపాయలు పరిహారమిప్పించినది.

డబ్బు లేదను మాట చెల్లదని దేశపు పెద్ద కోర్టు చెప్పి ఎంత కాలమైనదో చూడుడి. మనము ఇప్పటికిని ఆ మాట వినుచునే, పాపము నిజమే గదా అని తలయూపుచున్నాము.

ఇక మన ఇంటి సంగతికి వచ్చెదము. శతాబ్ది తీర్మానముల ముసాయిదాలో "శతాబ్ది అంబులెన్సు" అని ఒక అంశమున్నది. ఆ ఉపసంఘములో మేమును ఉన్నాము. మా సంతకమును దానిమీద ఉన్నది. బిషప్‌గారి అనుమతితో, ఈ సభలోనే, ఆ సంతకమును వెనుకకు తీసికొనుచున్నాము. చందాలిచ్చినవారు నొచ్చుకొనవలదు. మీ మనస్సు మంచిది. కాని ఆ వ్యాను ప్రక్కనే మేము ప్రతిదినము నిద్రించుచున్నాము.

మంచి సమరయుని ఉపమానముమీద ఎన్ని ప్రసంగములు చేసితిమో మాకే తెలియదు. వేదాంత కళాశాలలో మా మొదటి ప్రసంగము దానిమీదనే. యాజకుని తిట్టితిమి, లేవీయుని తిట్టితిమి, నూనెయు ద్రాక్షారసమును పొగడితిమి. మా గురువుగారు వెనుక బల్లమీదనుండి, "నాయనా, పూటకూళ్లవాని సంగతేమిటి?" అని అడిగినారు. మాకు జవాబు తోచలేదు. ఇప్పుడు తోచుచున్నది. ఆ సమరయుడు తన వాహనముమీద ఎక్కించి తీసికొనిపోవుటతో పని ముగియలేదు. మరునాడు ఉదయము రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టినాడు. ఇంక ఎంతైనను తిరిగి వచ్చినప్పుడు చెల్లింతునని మాట యిచ్చినాడు. వాహనము మొదటి దినపు సంగతి. ఆ మాట రెండవ దినపు ఖర్చు సంగతి. మన వ్యాను మొదటి దినమున నిలిచిపోయినది. ప్రభుత్వపు బండియు అక్కడనే నిలిచిపోవుచున్నది. ఈ విషయములో ప్రభుత్వమునకును మనకును పోలిక బాగుగ కుదిరినది.

ఉపసంఘములో ఒక పెద్దమనిషి మమ్ములను అడిగినారు: "ప్రభుత్వము చేయనప్పుడు సంఘము చేయవలెను గదా? మిషనరీలు చేసినది అదియే గదా?" మంచి ప్రశ్న. మిషనరీలు వచ్చిన దినములలో ఊరికి ఆస్పత్రి కట్టవలసిన బాధ్యత నాదని చెప్పుకొనిన ప్రభుత్వము లేదు. నేడు ఉన్నది, మనమే దానిని ఎన్నుకొనుచున్నాము. పేస్టు కొన్నను, సబ్బు కొన్నను పన్ను కట్టుచున్నాము. మన వితంతువు కూడ కట్టుచున్నది. ఆమె కానుకతో మనము ఒక బండి కొని నడుపలేక మూలబెట్టినయెడల, ఆమె రెండుసారులు చెల్లించి ఒక్కసారియు పొందలేదన్నమాట. అంతేకాక, మనము ఒక బండి పెట్టినామని తెలిసినప్పుడు అధికారులు మన మండలపు బండిని ఇంకొక చోటికి మార్చినను మార్చెదరు. ఇది మా అనుమానము మాత్రమే.

కావున మా పాస్టరేటు చేయుచున్నది చెప్పెదము. పెద్ద పనులు కావు. యువజన సంఘమువారు ఒక నోటుపుస్తకము పెట్టినారు. ప్రతి ఆదివారము ఆరాధన తరువాత ఇద్దరు పోయి మండలపు 108 బండి తన చోట ఉన్నదా, కేసుకు పోయినదా, మరమ్మతులో ఉన్నదా అని చూచి వ్రాయుదురు. పన్నెండు ఆదివారములలో నాలుగింట మరమ్మతు అని వ్రాసియున్నది. మొదట బండివారు మామీద కోపపడినారు. ఇప్పుడు వారే, "రాయండి అన్నా, ఇంకా గట్టిగా రాయండి" అనుచున్నారు. స్త్రీల మైత్రివారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు నర్సమ్మగారిని పిలిపించుకొని ఛాతీ అదుముట, రక్తము కారకుండ కట్టుట నేర్చుకొన్నారు. బండి వచ్చులోపల గడియలు ఎవరిచేతిలో ఉన్నవో వారికి తెలిసినంతగ పురుషులకు తెలియలేదు. పురుషులు ఇంకను నేర్చుకొనుటకు రాలేదు. వ్యాను సంగతి పాస్టరేటు కమిటీలో రెండుసారులు చర్చించితిమి. పాత ఇనుము కొనువాడు ధర చెప్పియున్నాడు. ఫోటో గోడమీదనే ఉంచవలెనని కొందరును, తీసివేయవలెనని కొందరును అనుచున్నారు. మాకైతే ఉండవలెననియే ఉన్నది.

ఇక విన్నపపత్రము. దానిలో మూడు మాటలే వ్రాసితిమి. 108 సిబ్బంది జీతములును మరమ్మతు బిల్లులును నెలనెల ఒక నిర్ణీత తేదీని, ఇతర బిల్లులకంటె ముందుగా చెల్లించవలెను. మరమ్మతుకు పోయిన బండికి మారుబండి జిల్లాలో సిద్ధముగ ఉంచవలెను. ప్రతి మండలపు బండి నెలలో ఎన్ని దినములు తిరుగలేదో ఆరోగ్య కేంద్రపు బోర్డుమీద వ్రాయవలెను. కొత్త బండి ఒక్కటియు అడుగలేదు.

ఆ పత్రము గుడి మెట్లవద్ద బల్లమీద ఉన్నది. మొదటి సంతకము ఆ పెద్దాయన భార్యది. ఆ రాత్రి తరువాత ఆమె మా వ్యానునుగూర్చి మాతో ఒక్క మాటయు అనలేదు. సంతకము చేయుటకు వచ్చినప్పుడు మాత్రము, "అయ్యగారూ, ఇది ఇచ్చి ఊరుకుంటారా, మళ్లీ పోయి అడుగుతారా?" అన్నది. మళ్లీ పోవుదుమని చెప్పియున్నాము. కలెక్టరాఫీసులో అర్జీలు పుచ్చుకొనుదినము సోమవారము. భోజనముల తరువాత సంతకములు చేయగోరువారు మా కార్యదర్శివద్ద పెన్ను తీసికొనవచ్చును. మాతో రాగలవారు సోమవారము ఉదయము ఏడు గంటలకు బస్టాండుకు రావలెను.